అతుకు కనబడని కిటికీ

కాలిబాట మీద పోతున్న మనిషి కిటికీ ముందు ఆగాడు. అద్దంలోకి వంగి, పై పెదవి ఎత్తి, పళ్ళ సందులో ఇరుక్కున్నదేదో గోటితో తీసుకున్నాడు. జుట్టు సవరించుకున్నాడు. పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చి ఓసారి చూసుకున్నాడు. అద్దానికి ఇవతల జానెడు దూరంలో, రబ్బరు పలక చేత్తో పట్టుకుని నిలబడ్డ సెఫీనా ఊపిరి బిగబట్టింది. నవ్వితే చెయ్యి కదులుతుంది. చెయ్యి కదిలితే అద్దానికి అతికిస్తున్న పల్చటి ఫిల్ము ముడత పడుతుంది.

అతను వెళ్ళిపోయాక పలకని అద్దం మధ్యలో ఆనించి అంచులవైపు లాగింది. ఫిల్ము కింద ఉన్న సబ్బునీళ్ళు పారి, కిటికీ గట్టు మీద పరిచిన తువ్వాల్లోకి దిగాయి.

రోడ్డు మొహంగా ఉన్న మూడిళ్ళకీ వెండి రంగు ఫిల్ము వేయాలని పని కాగితంలో ఉంది. పగటిపూట బయటివాళ్ళకి అది అద్దం, లోపలివాళ్ళకి మామూలు కిటికీ. పోయేవాళ్ళంతా ఇళ్ళలోకి తొంగిచూస్తున్నారని ముందు ఇళ్ళవాళ్ళు ఇళ్ళు అద్దెకిచ్చే ఏజెన్సీకి ఒక్క ఉత్తరం రాస్తే ఓనరు వెంటనే సరేనన్నాడట. సెఫీనా ఈ పనిలోకి వచ్చి పదహారేళ్ళయింది. వెంటనే సరేననే ఓనర్లని ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టగలదు.

జనవరి నెలాఖరు, ఈ దేశంలో నడివేసవి. పదకొండైనా కాకుండానే సెయింట్ మేరీస్ పేట మీద ఎండ చతికిలబడి లేవనంటోంది. స్ప్రే డబ్బా ఖాళీ అయింది. నీళ్ళ కుళాయి వెనక ఉందని ముందింటావిడ చెప్పడంతో సెఫీనా డబ్బా పట్టుకుని సందులోంచి వెనక్కి నడిచింది.

ఆ ఆవరణలో మొత్తం ఆరిళ్ళు. మూడు రోడ్డువైపు, మూడు పడమటివైపు. పడమటి వాటి ఎదుట రైలు కంచె, పట్టాలు, ఆ తర్వాత అడ్డమన్నది లేని ఆకాశం. చెట్టు లేదు, చూరు కూడా బెత్తెడే. ఆరో నంబరు ఇంటి కిటికీ దగ్గర ఒక ముసలావిడ స్టూలెక్కి, ఎండకి అడ్డంగా అద్దానికి అంటించిన అల్యూమినియం ఫాయిల్ని గోళ్ళతో గీకుతోంది. ముక్కలు కొన్ని జుట్టులో చిక్కుకున్నాయి.

"ఆంటీ, స్టూలు ఊగుతోంది. దిగండి."

"ఊగనీ. నేను మాత్రం ఊగడం లేదా?" అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే. "శుక్రవారం ఏజెన్సీవాళ్ళు తనిఖీకొస్తారని ఉత్తరం వచ్చింది. ఈలోగా ఇదంతా పీకెయ్యాలిట. రైల్లో పోయేవాళ్ళకి ఈ ఇల్లు చూస్తే కడుపులో తిప్పుతోందిట."

"అలా రాశారా ఉత్తరంలో?"

"రాయడం మర్యాదగానే రాశారు. ఆవరణ అందం అని రాశారు. ఎవరి అందమో రాయలేదు."

సెఫీనా డబ్బా కింద పెట్టి ఆవిడ మోచెయ్యి పట్టుకుని దింపింది. స్టూలు తనెక్కి, జేబులోంచి బ్లేడు తీసి, రెండు నిమిషాల్లో మిగిలిన ఫాయిల్ గీకేసింది. ఆవిడ కింద నిలబడి ఆ చేతులకేసి చూస్తోంది.

ఆవిడ పేరు వెనీరా ఫెనెక్. డెబ్భై నాలుగేళ్ళు. మాల్టా నుంచి పడవలో వచ్చిన పిల్ల, ఇక్కడే ముసలిదైంది. లోపలికి రమ్మని, ఫ్రిజ్‌లోంచి నీళ్ళూ, జున్ను కూరి పొరలు పొరలుగా కాల్చిన పాస్టీత్సీ ఒకటీ పెట్టింది. కూర్చునే గది చిన్నది. పడక్కుర్చీ గుడ్డ కిటికీ ఎంత మేర ఉందో అంత మేరా వెలిసిపోయింది. పంజరం తగిలించే కొక్కెం ఉంది కానీ పంజరం లేదు.

"పిట్ట స్నానాలగదిలో ఉంది," అంది వెనీరా. "అక్కడే కాస్త నయం. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఇక్కడ నోరు తెరుస్తుంది. కోళ్ళు కూడా అంతే. ముప్ఫై రెండేళ్ళు కోళ్ళ షెడ్లలో చేశాను. నోరు తెరిచిన కోడి ఇంకో గంటలో ఏమవుతుందో నాకు తెలుసు."

"వీళ్ళకి చెప్పలేదా, ఎండ గురించి?"

"మూడుసార్లు రాశాం. నేనూ, అయిదో నంబరు పిల్లా. న్యాందెంగ్ అని, సూడాన్ నుంచొచ్చింది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. నిద్రేముందిలే, పాపం. నాలుగో నంబరు ఖాళీ. ఉన్నవాడు కిందటి నెల్లో పారిపోయాడు. తెలివైనవాడు."

సెఫీనా నీళ్ళు తాగి గ్లాసు కడిగి బోర్లించింది. తిరిగి పనిలోకి వెళ్ళింది కానీ ఆ పూట అద్దంలో పళ్ళు చూసుకున్నవాళ్ళెవరూ ఆమెని నవ్వించలేకపోయారు.

సాయంత్రం షెడ్డులో వ్యాన్‌లోంచి సామాను దించుతూ రస్‌తో అంది, "ఆ వెనకిళ్ళు కూడా అడుగుదామా?"

రస్ ఆ వ్యాపారానికి యజమాని. సెఫీనాకి పని నేర్పింది అతని తండ్రి. రస్ ఫిల్ము చుట్టలు లెక్కపెట్టడం ఆపలేదు. "అడిగాను. వెనకవైపు చూసేవాడెవడూ లేడు, అక్కడెందుకు అన్నాడు ఓనరు."

"చూసేవాళ్ళ గొడవ కాదు, ఎండ గొడవ."

"సెఫ్, ఆ ఏజెన్సీవాళ్ళ పని లేకపోతే ఈ షెడ్డులో సగం మందికి పనుండదు. వాళ్ళ అద్దం మీద వాళ్ళు చెప్పందే వేలు కూడా పెట్టకు. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి ముందే చెప్తున్నా."

"నా సంగతేంటి?"

"నువ్వు పాస్టీత్సీ తిన్న ఇంటికి ఎదురు చెప్పలేవు. చొక్కా మీద దాని పొట్టు ఉంది, దులుపుకో."

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. కోతల్లో మిగిలిన ముక్కలు కోసినవాళ్ళవే. రస్ తండ్రి పెట్టిన పద్ధతి. అందరూ వాటిని బావమరుదుల ఇళ్ళకీ, పాత కార్లకీ వాడేస్తారు. సెఫీనా మాత్రం ఏడాదిగా ఒక్క రకం ముక్కలే దాస్తోంది. కొండమీది పెద్ద ఇళ్ళవాళ్ళు లోయ అందం చెడకూడదని వేయించుకునే ఫిల్ము అది. రంగుండదు, అద్దంలా మెరవదు, వేసినట్టే తెలీదు, వేడిని మాత్రం బయటే నిలబెడుతుంది. మూరెడు వెడల్పు ముక్కలు నాలుగు, అట్టగొట్టంలో చుట్టి బీరువా మీద పెట్టుకుంది. ఇంకో రెండు దొరికితే తన పడకగది కిటికీకి సరిపోతాయి. పదహారేళ్ళుగా ఊళ్ళో ఇళ్ళన్నీ చల్లబరిచిన మనిషి ఇంట్లో ఆ కిటికీకి ఇప్పటికీ దుప్పటే తెర.

బుధవారం పొద్దున ఆ గొట్టం కేసి ఒకటికి రెండుసార్లు చూసింది. గురువారం మూడింటికి పని ముగించుకుని, గొట్టం చంకలో పెట్టుకుని ఆరో నంబరు తలుపు తట్టింది.

వెనీరా ఆ ముక్కని వెలుతురుకెత్తి చూసి పెదవి విరిచింది. "ఇందులో ఏముంది తల్లీ? ఏమీ లేనట్టే ఉంది. ఇది ఆపుతుందా ఎండని?"

"చెయ్యి పెట్టండి," అంది సెఫీనా. నమ్మని ఖాతాదారులందరికీ చెప్పే మాట అది. ఆవిడ ముంజేతిని కిటికీలోంచి పడుతున్న ఎండలోకి లాగి, కాసేపుంచి, ముక్కని అద్దానికీ చేతికీ మధ్య అడ్డం పెట్టింది. ముక్క తీసేయగానే వెనీరా చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ పెట్టమంది.

"అద్దె కాగితంలో మేకు కొట్టాలన్నా అడగాలని ఉంది," అంది చివరికి. "అడక్కుండా చేస్తే నోటీసు. నోటీసు పడ్డవాళ్ళకి కాగితం తిరగరాయరు. ఈ వయసులో నాకు ఇంకెవరిస్తారు ఇల్లు?"

"కనబడదు ఆంటీ. నేను వేస్తే కనబడదు. కానీ ఎవరికీ చెప్పకండి. నా ఉద్యోగం కూడా ఇందులోనే ఉంది."

"ఎవరికి చెప్తాను, పిట్టకా?"

కిటికీకి రెండు పలకలు, ఒకటి కదిలేది, ఒకటి కదలనిది. ఒక్కో పలకకి రెండు ముక్కలు పట్టాలి, అంటే ఒక్కో అతుకు. అతుకు వేయడం ఈ పనివాళ్ళకి నామోషీ. సెఫీనా అద్దం మూల ఉన్న ముద్ర చదివి, ఫిల్ము వేస్తే వేడికి పగిలే రకం కాదు, మామూలు అద్దమేనని నిర్ధారించుకుంది. బ్లేడుతో మురికంతా గీకి, రెండుసార్లు కడిగింది. పసిపిల్లల షాంపూ కలిపిన నీళ్ళు అద్దం నిండా చల్లింది. ఫిల్ము మూలన ముందో టేపు ముక్క, వెనకో టేపు ముక్క అంటించి రెండూ ఒక్కసారి లాగితే, జిగురుని కాపాడే పల్చటి పొర చిన్నగా చిటపటలాడుతూ ఊడొచ్చింది. వేలి ముద్ర పడకుండా వేళ్ళు కూడా తడుపుకుని, ముక్కని అద్దం మీద తేలించి చోటు కుదిర్చింది.

రెండో ముక్కని మొదటిదాని మీద వేలెడు ఎక్కించి వేసింది. ఉక్కు బద్ద ఆనించి, కొత్త బ్లేడు మొన పెట్టి, పైనుంచి కిందికి ఒకే లాగు లాగింది. రెండు పొరలూ తెగాలి, అద్దం మీద గీత పడకూడదు. ఆ బరువు చెప్తే వచ్చేది కాదు, మణికట్టుకి తెలియాలి. కోసిన పీలికలు రెండూ తీసేసి, అంచులు కలిపి, రబ్బరు పలకతో నొక్కింది. నీళ్ళు పోయాయి. అతుకు కూడా పోయింది.

వెనీరా కళ్ళజోడు పెట్టుకుని వెతికింది. తీసి వెతికింది. "ఎక్కడే?"

"నెల రోజులు తుడవకండి. లోపల చిన్న చిన్న నీటి మచ్చలుంటాయి, అద్దం కాస్త మసకగా ఉంటుంది. అవే ఆరిపోతాయి."

అప్పటికి అయిదు దాటింది. సూర్యుడు పట్టాల మీదికి దిగి తిన్నగా గదిలోకి చూస్తున్నాడు. వెనీరా స్నానాలగదిలోంచి పంజరం తెచ్చి కొక్కేనికి తగిలించింది. పసుపు పిట్ట రెండు కమ్మీలు మారి, నోరు మూసుకుని కూర్చుంది. దాన్ని చూసి వెనీరా కూడా పడక్కుర్చీలో కూర్చుంది, ఆ వేళప్పుడు ఆ కుర్చీలో కూర్చుని ఎన్ని వేసవులైందో.

శుక్రవారం సెఫీనాకి రోడ్డువైపు మూడో ఇల్లు మిగిలింది. నాలుగింటికి కుళాయి దగ్గర డబ్బా నింపుతుంటే ఏజెన్సీ అమ్మాయి టామ్సిన్ ఆరో నంబరులోకి వెళ్ళింది. పాతికేళ్ళ పిల్ల. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబ్లెట్, మాటకి ముందు చిరునవ్వు. గాలి కోసం తలుపు బార్లా తీసి ఉండడంతో లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఫాయిల్ తీసేశారు, చాలా థ్యాంక్స్ మిసెస్ ఫెనెక్. ఎంత బాగుందో చూడండి. అద్దం మాత్రం కాస్త మురికిగా ఉంది, తుడిపించండి."

"తుడుస్తానమ్మా," అంది వెనీరా ఎంతో వినయంగా.

సెఫీనా పెదవి కొరుక్కుంది. ఆ పిల్ల అద్దానికి ముక్కు ఆనించినంత పని చేసింది. రెండు అతుకులు, ఒక్కటీ కనబడలేదు. పదహారేళ్ళ పనితనంలో ఇంతకు మించిన మెప్పు ఆమెకి దొరకలేదు.

"మీరు వేడి గురించి రాశారు కదా," అంటోంది టామ్సిన్. "ఓనర్ గారికి చెప్పాను. వెనకిళ్ళలో రెండు రోజులు, ఇవాళా సోమవారమూ, నాలుగింటికి ఎంతుందో చూసి పంపమన్నారు. నిజంగా అంతుంటే వెనక కూడా ఏదో వేయిస్తానన్నారు." ఆమె చిన్న థర్మామీటరు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. బయట నలభై ఒకటి. కాసేపాగి చదివింది. "ముప్ఫై నాలుగు. బయటితో పోలిస్తే ఎంతో నయం."

సెఫీనా చేతిలో డబ్బా నిండి నీళ్ళు చెప్పుల మీదికి కారుతున్నాయి. కుళాయి కట్టలేదు.

టామ్సిన్ అయిదో నంబరుకి వెళ్ళింది. న్యాందెంగ్ తలుపు తీసింది, పొడుగాటి మనిషి, కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి, భుజాల మీద తడి దుప్పటి. థర్మామీటరు అక్కడా అలాగే కిటికీ గట్టు మీదికెక్కింది. నలభై మూడు.

"నేను దుప్పటి తడుపుకుని పడుకుంటున్నాను," అంది న్యాందెంగ్. "గంటకోసారి లేచి మళ్ళీ తడుపుకుంటాను."

"ఇది చిత్రంగా ఉంది," అంది టామ్సిన్. "పక్కింట్లో ముప్ఫై నాలుగే. అదే గోడ, అదే అద్దం, అదే ఎండ. పగటిపూట వంటేమైనా చేస్తున్నారా?"

"పగటిపూట నిద్రపోతాను."

"హీటరు లాంటిదేమైనా..."

"హీటరా?"

"తప్పుగా అనుకోకండి. రాయాలి కాబట్టి అడుగుతున్నా. ఇంటి లోపం కాకపోతే వాడకంలో లోపమని రాయాలి." చిరునవ్వు అలాగే ఉంది. "సోమవారం ఇంకోసారి చూసి పంపేస్తాను."

న్యాందెంగ్ వెనక్కి తిరిగి తన గదిలోకి చూసింది, అక్కడ తనకి తెలియని హీటరేదో ఉందేమోనన్నట్టు. సెఫీనా డబ్బా కింద పెట్టి కుళాయి కట్టేసింది. తన చొక్కా మీద కంపెనీ పేరు ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఆ మాటతో రస్ షెడ్డు, తన ఉద్యోగం, ముసలావిడ ఇల్లు మూడూ పోతాయి. అందుకని అనలేదు. అనకపోవడం ఎంత సిగ్గుగా ఉందో, డబ్బా ఎత్తుకుని సందులోంచి నడిచొస్తుంటే తెలిసింది. గురువారం సాయంత్రం తను చేసింది మంచిపనేనని అప్పటిదాకా ఆమెకి అనుమానం లేదు. ఇప్పుడు ఆ మంచిపనే పక్కింటి పిల్లని అబద్ధాలకోరుని చేసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, చుట్టాలందరితో చేమదుంపలూ, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకూ తింటుండగా ఫోను మోగింది. సెఫీనా పెరట్లోకి నడిచింది.

"నేను, వెనీరాని. దాన్ని ఊడదీయడం ఎలాగో చెప్పు."

"దేన్ని?"

"దేన్నేమిటి, అద్దం మీది దాన్ని. పక్కింటి పిల్లని హీటరుందా అని అడిగిందిట ఆ ఏజెన్సీ అమ్మాయి. రేపు నాలుగులోపు ఊడాలి."

"ఆంటీ, మీరు తీసినంత మాత్రాన శుక్రవారం రాసుకున్న అంకె పోదు. మీ ఒక్కరికైనా చల్లగా ఉండనివ్వండి. న్యాందెంగ్‌కి నేను ఇంకేవో ముక్కలు చూస్తాను."

"అప్పుడు ఆవిడకీ ముప్ఫై నాలుగే చూపిస్తుంది. ఎవరికీ ఏమీ అక్కర్లేదని రాసుకుంటారు. నాలుగో నంబరులోకి రేపో మాపో ఎవరో పిల్లలవాళ్ళొస్తారు, వాళ్ళకేం చేస్తావు?" ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. "షెడ్డులో కోళ్ళకి ఎండ తగిలితే కొత్తగా పనిలోకొచ్చినవాళ్ళు ఏం చేస్తారో తెలుసా? ఓ మూల నీళ్ళు చల్లుతారు. జాలి పడి. అన్నీ ఆ మూలకే ఎగబడతాయి, ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. ఎండకి చచ్చేవాటికన్నా అలా చచ్చేవే ఎక్కువ. తడిపితే షెడ్డంతా తడపాలి, లేకపోతే ఊరుకోవాలి. మొదటేడాది నేనూ అలాగే ఓ మూల తడిపాను తల్లీ. తట్టల్లో మోశాం వాటిని."

సెఫీనా పెరటి గోడకి ఆనుకుంది. గోడ కాలిపోతోంది. "మొత్తం తీయొద్దు," అంది. "నేనొస్తాను. ఒక్క పలకది తీద్దాం."

సోమవారం పొద్దున షెడ్డు తెరవకముందే రస్ ఎదుట నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను టీ కప్పు పట్టుకుని చివరిదాకా విన్నాడు.

"ఎన్ని ముక్కలు?"

"నాలుగు. పలకకో అతుకు."

"కనబడిందా?"

"ఆ పిల్ల ముక్కు ఆనించి చూసింది. అద్దం మురికిగా ఉంది, తుడవమంది."

రస్‌కి నవ్వొచ్చింది. ఆపుకోవడానికి టీ తాగాడు. తర్వాత మొహం మామూలైపోయింది. "వాళ్ళు మనల్ని తీసేస్తే నిన్ను ఉంచుకోలేను సెఫ్. తెలుసుగా?"

"తెలుసు. అందుకే నేనే ముందొచ్చి చెప్పాను."

"చొక్కా మార్చుకుని వెళ్ళు."

"లేదు. ఇదే వేసుకుని వెళ్తాను. పని నాదేనని తెలియాలి."

రస్ కప్పు కడగడానికి లోపలికి పోయాడు.

మూడింటికి వెనీరా గదిలో ముగ్గురున్నారు. న్యాందెంగ్‌ని వెనీరాయే వెళ్ళి పిలుచుకొచ్చింది, కిటికీ చూపించి అంతా చెప్పింది. న్యాందెంగ్ అద్దం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు తీయలేదు.

"శుక్రవారం ఆవిడ వెళ్ళాక గోడలన్నీ తడిమి చూసుకున్నాను," అంది. "నాలోనే ఏదో తేడా ఉందనుకున్నాను. మూడు ఉత్తరాలు కలిసి రాశాం కదా అమ్మా. నాకెందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను," అంది వెనీరా. సాకులేమీ చెప్పలేదు.

న్యాందెంగ్ చెయ్యి తీసేసింది. "నాకు కోపం వచ్చింది. ఇంకా పోలేదు. ఎక్కడ పట్టుకుని లాగాలో చెప్పండి."

సెఫీనా కుడి పలక మూలన సబ్బునీళ్ళు చల్లి, బ్లేడు మొనతో కొస లేపి, వెనీరా వేళ్ళకి అందించింది. "మీవైపుకి కాదు, అద్దాన్ని రాసుకుంటూ కిందికి. తొందరపడకండి." నాలుగు రోజుల ఫిల్ము, ఇంకా గట్టిపడలేదు, చెప్పినట్టే వచ్చింది. ముసలావిడ పట్టు వదల్లేదు. రెండో ముక్క న్యాందెంగ్ లాగింది. మిగిలిన జిగురు సెఫీనా గీకి తుడిచింది. కిటికీ చూస్తే ఏ పలకకి ఏముందో ఎవరూ చెప్పలేరు. కుడి పలకలోంచి ఎండ పడుతున్న చోట కార్పెట్ మీద వెనీరా ఒక భోజనబల్ల కుర్చీ తెచ్చి వేసింది. పంజరాన్ని స్నానాలగదిలోకి తీసుకెళ్ళింది.

నాలుగింటికి టామ్సిన్ వచ్చింది. ముగ్గురినీ చూసి చిరునవ్వు తగ్గించింది, సెఫీనా చొక్కా చూసి ఇంకాస్త తగ్గించింది. వెనీరా ఆమె చేతిలోంచి థర్మామీటరు మర్యాదగా తీసుకుని ఎడమ పలక కింద గట్టు మీద పెట్టింది. ముప్ఫై అయిదు. కుడివైపుకి జరిపింది. అందరూ నిలబడి అంకెలు పైకెక్కడం చూశారు. నలభై నాలుగు దగ్గర ఆగింది.

"ఇదేంటి?" అంది టామ్సిన్.

"ఎడమదానికి ఫిల్ము ఉంది," అంది సెఫీనా. "శుక్రవారం రెండిటికీ ఉంది. గురువారం నేనే వేశాను. మా యజమానికి తెలియకుండా వేశాను. కావాలంటే చెయ్యి పెట్టి చూడండి."

టామ్సిన్ ఎడమ అద్దం మీద చెయ్యి పెట్టింది. తర్వాత కుడివైపు ఎండలోకి చాపి, ఉంచలేక తీసేసింది. ట్యాబ్లెట్‌తో ఫొటో తీసింది. ఫొటోలో రెండు పలకలూ ఒక్కలాగే ఉన్నాయి.

"మిసెస్ ఫెనెక్, ఇది అనుమతి లేని మార్పు," అంది మెల్లిగా. గొంతులో నిజంగానే జాలి ఉంది. "నోటీసు ఇవ్వాల్సిన పని. కానీ మీకు నోటీసు ఇవ్వాలని నాకు లేదు. మిగిలింది కూడా తీసేయండి. నేను చూడనట్టే ఉంటాను."

"మరి శుక్రవారం అంకె?"

"అది అప్పుడే పంపేశాను. ఇవాళ్టి అంకెలు రెండిళ్ళవీ మామూలుగా వేసేస్తాను. మీకేం ఇబ్బంది రాదు."

"చూడనట్టు ఉండొద్దమ్మా," అంది వెనీరా. "చూసినట్టు రాయి. ఆరో నంబరు ఫెనెక్ అడక్కుండా ఎండ ఆపే ఫిల్ము వేయించుకుంది, శుక్రవారం ముప్ఫై నాలుగు అందుకే వచ్చింది, తీస్తే నలభై నాలుగు వచ్చింది. ఇదంతా నోటీసులో ఉండాలి. నోటీసు రాస్తే ఓనరు చదవాలిగా. ఉత్తరాలు చదవలేదు, ఇదైనా చదువుతాడు."

"నోటీసు పడితే మీ అద్దె కాగితం..."

"తెలుసు. చదువుకోలేదు కానీ అది నాకు తెలుసు. రాయి. నేను సంతకం పెడతాను."

"వేసింది ఎవరో కూడా రాయండి," అంది సెఫీనా. "సెఫీనా లెయోటా. పూర్తి పేరు వేయండి."

టామ్సిన్ ముగ్గురి మొహాలూ చూసింది. వాదించడానికి అక్కడ ఎవరూ గొంతు పెంచలేదు. కుర్చీ ఉంది కాబట్టి కూర్చుంది. ట్యాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని టైపు చేయడం మొదలుపెట్టింది. ఎండ ఆమె చెంప మీద, మెడ మీద, ఇస్త్రీ చొక్కా భుజం మీద తిన్నగా పడుతోంది. తారీఖు వేసింది. ఇంటి నంబరు వేసింది. మెడ తుడుచుకుంది. పేరు సరిచూసుకుంది. నుదుటి మీంచి ఒక చుక్క జారి తెర మీద పడితే చేతి అంచుతో తుడిచింది. తర్వాత తల ఎత్తకుండానే, రాస్తున్న వాక్యం ఆపకుండానే, ఒక చేత్తో కుర్చీ అడుగు పట్టుకుని కొంచెం ఎత్తి, ఎడమవైపుకి జరిగింది. ఇంకోసారి జరిగింది. ఎడమ పలక వెలుతురులోకి వచ్చాక భుజాలు దించి, మళ్ళీ టైపు చేయసాగింది.

స్నానాలగదిలో పిట్ట ఒకసారి కూసింది.

"కుర్చీ జరిపారు," అంది న్యాందెంగ్. "అది కూడా రాయండి."

టామ్సిన్ వేళ్ళు ఆగాయి. కిందికి చూసింది. కుర్చీ ఇందాక ఉన్న చోట నాలుగు కాళ్ళ గుంటలూ కార్పెట్ మీద ఎండలో ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె చాలాసేపు వాటినే చూసింది. మొహం ఎర్రబడింది. తర్వాత ట్యాబ్లెట్ దగ్గరికి లాక్కుని, తల వంచుకుని, అది కూడా రాసింది.